అబీలియు పేరిట

మా ఇంట్లో ఇద్దరు అబీలియులు.
మొదటివాడు పదకొండు వారాలు బతికాడు,
యాభై ఒకటి చలికాలంలో.
పాలు తాగుతూ తాగుతూ, దగ్గొచ్చి, ఆగిపోయాడు.
మోకాలి లోతు మంచు.
రిజిస్ట్రారు ఆఫీసు మూడు కొండల అవతల.
పుట్టాడని చెప్పడానికి వెళ్ళొచ్చిన నాన్న
పోయాడని చెప్పడానికి వెళ్ళలేదు.
గొయ్యి మీద పలకరాయి నిలబెట్టారు.
పేరు చెక్కలేదు.

రెండేళ్ళకి ఇంకొకడు.
ఆలస్యంగా రాయిస్తే జరిమానా,
జరిమానా అంటే ఒక మేక.
నాన్న పెట్టెలోంచి మడత తీసి చూశాడట:
"కాగితం ఉంది, పేరుంది,
బిడ్డా ఉన్నాడు. ఇంకేం కావాలి?"
అమ్మ ఏమీ అనలేదట.
అనలేదన్న మాట మాత్రం
చచ్చేదాకా అంటూనే ఉంది.

డెబ్భై ఒకటి వేసవి. కుర్రాళ్ళని పిలిచారు.
మా కొండల్లో దాన్ని చీటీల రోజు అంటాం,
చీటీలు తియ్యడం ఎప్పుడో మానేసినా.
టౌన్ హాలు మేడ మీద బట్టలిప్పించి
ఎత్తు, బరువు, పళ్ళు –
సంతలో గిత్తల్ని చూసినట్టు.
కాగితానికి ఇరవై.
ఒంటికి పద్దెనిమిది.
"ఇదేం ఇరవై రా!" అని డాక్టరు నవ్వాడట.
మావాడికి రోషం.
ఊపిరి బిగబట్టి ఛాతీ చూపించాడు.

పనికొచ్చినవాడికి టోపీ మీద ఎర్ర రిబ్బను,
రానివాడికి తెల్లది.
తెల్ల రిబ్బనుకి పిల్లనిచ్చే ఇల్లుండదు.
తాగి, అకార్డియన్ వెనక తూలుతూ వచ్చాడు.
నలిగిన ఆ రిబ్బనుని
బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసింది నేనే.
పద్నాలుగేళ్ళదాన్ని. మురిసిపోతూ చేశాను.

ఆ రాత్రి అమ్మ గొంతు:
"వెళ్ళి చెప్పు. వీడు వాడు కాదని చెప్పు."
నాన్న:
"చెబితే నేను జైలుకి.
పైగా, వీడు పుట్టనే లేదంటారు."

బాబాయి కొడుకు జెఫెరీను సరిహద్దు దాటాడు.
ఫొటో చింపి సగం ఇంట్లో ఉంచి వెళ్ళాడు.
ఫ్రాన్సు నుంచి రెండో సగం వస్తే
దాటించినవాడికి డబ్బివ్వాలని ఒప్పందం.
వచ్చింది. పిన్ని రెండు ముక్కలూ
రై పిండి గంజితో అతికించింది,
ముక్కు కొంచెం వంకరగా.
మావాడిని అడిగితే,
"ఎర్ర రిబ్బను కట్టుకుని పారిపోనా?" అన్నాడు.

గినీ నుంచి స్టాంపు అక్కర్లేని ఉత్తరాలు.
*ఇక్కడ వాన నిలబడి కురవదు, పడుకుని కురుస్తుంది.*
*దోమలకి నా అసలు వయసు తెలిసిపోయింది, దెయోలిందా,*
*లేత రక్తమని నన్నే వెతుక్కుంటున్నాయి.*
వాళ్ళ ఊళ్ళలో మనవాడికేం పనని
ఎవరూ పైకి అడగలేదు.
అడిగినవాళ్ళు లోపలున్నారు.

డెబ్భై మూడు నవంబరులో పెట్టె వచ్చింది,
సీసంతో అతికిన మూత.
తెరవొద్దన్నారు.
మోసిన నలుగురూ బరువన్నారు.
అమ్మ ఆ మాట పట్టుకుంది:
"నా బిడ్డ అంత బరువుండడు."

ఐదు నెలలకి రాజధానిలో
తుపాకీ గొట్టాల్లో పువ్వులు పెట్టారు.
యుద్ధం అయిపోయింది.
సొంత కాగితమే ఉండుంటే
అప్పటికి వాడికి బూట్లు ఇచ్చి ఉండేవాళ్ళు, అంతే.
కొత్త బూట్లతో ఇంటికి వచ్చేవాడు.
నాన్న ఆ ఏడు మేకలన్నీ అమ్మేశాడు.
ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పార్కులో గోడ. గోడ మీద పేర్లు.
మావాడి పక్కన పందొమ్మిది వందల యాభై ఒకటి.
ఆఫీసుకెళ్ళి తప్పని చెప్పాను.
మంచి పిల్ల, కుర్చీ వేసింది.
"రుజువేమైనా ఉందా అమ్మా?
రికార్డులో ఒక్కడే పుట్టాడు, ఒక్కడే పోయాడు.
లెక్క సరిపోయింది కదా."

నవంబరు రెండున
అందరూ తమవాళ్ళకి చామంతులు తెస్తారు.
నేను రెండు కట్టలు కొంటాను.
ఒకటి పాలరాయి దగ్గర.
రెండోది గోడవార, నాచు పట్టిన పలకరాయి దగ్గర.
పిలిచింది నిన్నురా, అంటాను వాడితో.
నీకు నడక రాదని
తమ్ముడు వెళ్ళాడు.

మోకాళ్ళు పట్టేస్తాయి. లేవడానికి
ఆ రాయినే పట్టుకుంటాను.